పదకొండో బెడ్, నాలుగింటి మాత్ర

"ఈ చప్పిడి కూడు నా వల్ల కాదురా, తీసుకుపో," అంటూ అక్క ప్లేటు పక్కకి నెట్టేసింది.

అందరూ నత్త అని పిలిచే తమ్ముడు గోడ గడియారం చూశాడు. ఒంటిగంటా ఇరవై. మంచం పట్టె మీద ఆనించిన అక్క చెయ్యి సన్నగా వణుకుతోంది. పొద్దుటికీ ఇప్పటికీ మొహం ఇంకా పీక్కుపోయినట్టుంది. అతని గుండె కలుక్కుమంది కానీ పైకి నవ్వాడు.

"నీ సంగతి తెలియకుండానే వస్తానా?" అని సంచిలోంచి నీలం మూత సీసా తీసి, ఉడికించిన కూరముక్కల మీద ధారాళంగా చల్లాడు. మందుల షాపులో గులాబి మాత్రలతో పాటు ఇచ్చిన ఉప్పు అది. గుండె జబ్బువాళ్ళ కోసమేనని సీసా మీద గుండె బొమ్మ కూడా వేశారు. రెండట్టల మాత్రలకి రెండు సీసాలొచ్చాయి. రెండోది మంచం పక్క అల్మారాలో ఉంది.

అక్క ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఇప్పుడు మనుషుల తిండిలా ఉంది," అంది. ఇంకో నాలుగు ముక్కలు తినేసరికి అతనికి ప్రాణం లేచొచ్చింది.

"ఇలాంటి తమ్ముడు ఉండాలంటే పెట్టి పుట్టాలమ్మా!" అంది పన్నెండో బెడ్ పెద్దావిడ. ఆవిడకి ఈ రోజే డిశ్చార్జి. చీరలు మడత పెట్టి సంచిలో కుక్కుతోంది. ఫోను కిటికీ దగ్గర ఛార్జింగుకి పెట్టి, కొడుకు ఎప్పుడొస్తాడా అని ఐదు నిమిషాలకోసారి వెళ్ళి చూసుకుంటోంది. ఆవిడ వాడేదీ ఆ గులాబి మాత్రే.

"కాళ్ళు దూదిలా ఉన్నాయిరా," అంది అక్క మెల్లిగా. "వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. మిషను తొక్కిన కాళ్ళేనా ఇవి?"

అమ్మా నాన్నా ఒకే ఏడాది పోయాక, ఆ కాళ్ళే కుట్టుమిషను తొక్కి అతన్ని చదివించాయి. పోలీసు ఉద్యోగం వస్తే ఊరంతా చెప్పుకున్నది అక్కే. ఆ ఉద్యోగం వదిలేసి ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు కట్టినప్పుడు తిట్టి, మర్నాడు ఆ బోర్డుకి పసుపురంగు గుడ్డ కుట్టి పంపిందీ అక్కే. నత్త అన్న పేరు మాత్రం స్టేషన్లో తోటివాళ్ళు తగిలించారు. మెల్లగా పాకుతాడట, అతుక్కుంటే వదలడట.

"కాస్త ఇలా వస్తారా?" అంది డాక్టరమ్మ వార్డు గుమ్మంలోంచి. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. నిద్రలేక కళ్ళు ఎర్రబడ్డాయి.

వరండాలోకి వచ్చాక ఆవిడ గొంతు తగ్గించింది. "మీరు డిటెక్టివ్ కదండీ?"

"ఎవరు చెప్పారు?"

"మీ అక్కగారే. వార్డులో తెలియనివాళ్ళు లేరు. వినండి, నాకు టైము లేదు, మీకూ లేదు. నాలుగు రోజుల క్రితం ఈవిడ కళ్ళు తిరిగి పడిపోయారు. గుండె పంపు సరిగ్గా కొట్టడం లేదు. గులాబి మాత్ర మీదే నడుస్తోంది. పోయిన నెల రెండ్రోజులు మానేస్తే ఏమైందో గుర్తుందిగా?"

గుర్తు లేకేం? ఊపిరితిత్తుల్లోకి నీళ్ళొచ్చి, అక్క చేప ఒడ్డున పడ్డట్టు గిలగిల్లాడింది.

"పెద్ద డాక్టరు గారు ఊరెళ్తూ మోతాదు రెట్టింపు చేసి వెళ్ళారు. నాలుగింటికి మొదటిది వెయ్యాలి. కానీ పొద్దున ఏడూ ఇరవైకి హార్ట్ క్లినిక్ పెద్ద నర్సు ఫోన్ చేసింది. 'డాక్టరమ్మా, గులాబి మాత్ర సంగతి తేలిపోయింది. రిజిస్టర్ పట్టుకుని వస్తున్నా. పదకొండో బెడ్‌కి నేనొచ్చేదాకా ఏమీ వెయ్యకండి' అంది."

"వచ్చిందా?"

"ఏడూ యాభైకి రికార్డు రూములో నిచ్చెన కింద దొరికింది. తలకి దెబ్బ. ఉలుకూ పలుకూ లేదు. పైన ఐసీయూలో ఉంది. చేతిలో రిజిస్టర్ లేదు."

"రక్తం తీసి చూడొచ్చుగా?" అన్నాడు నత్త.

"మా ల్యాబ్ మెషిను మూడు రోజులుగా మూలపడింది. శాంపిల్ బయటికి పంపాం. రేపు మధ్యాహ్నానికి గానీ రిపోర్టు రాదు. పొద్దున ఈసీజీ కాస్త అటూ ఇటూగా ఉంది, దాన్నిబట్టి ఏమీ తేల్చలేను. మాత్ర వేస్తే ప్రమాదమా, ఆపితే ప్రమాదమా? ఆరేళ్ళుగా ప్రతి పేషెంటు బరువూ చావూ రాసిన మనిషి ఆవిడ. ఊరికే ఫోన్ చెయ్యదు. ఆ రిజిస్టర్ నాలుగింటిలోపు నా చేతిలో పెట్టండి. లేదంటే చీకట్లో చెయ్యి పెట్టినట్టే."

ఒంటిగంటా ముప్పై ఎనిమిది.

రికార్డు రూము కింది అంతస్తులో ఉంది. ఇనుప ర్యాకులు, టేపులు కట్టిన ఫైళ్ళు, మూలన ఎక్స్‌రే కవర్ల అట్టపెట్టెలు. రికార్డు గుమస్తా బల్ల వెనక కూర్చుని, రాయని కాగితం మీద పెన్ను పట్టుకుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. నత్తని చూసి లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు.

"ఎన్నింటికొచ్చారు పొద్దున?"

"ఏడూ నలభై అయిదుకండీ. తలుపు తీసేసరికి పడి ఉంది."

"తలుపు మీరు తీస్తే ఆవిడ లోపలికెలా వచ్చింది?"

"ఆవిడ దగ్గర ఇంకో తాళం చెవి ఉందండీ. లోపలికొచ్చి తలుపు వేసుకుందేమో."

"వేసుకుని?"

"నిచ్చెనెక్కి పై అరలో ఏదో వెతుకుతూ జారిపడి ఉంటుందండీ. సూపరింటెండెంటు గారు కూడా అదే రాశారు."

"పై అరలో ఏమున్నాయి?"

"ఇరవై ఏళ్ళ నాటి ఫైళ్ళు."

"గుండె క్లినిక్ మొదలై ఆరేళ్ళు కాలేదా? ఇరవై ఏళ్ళ నాటి ఫైళ్ళతో ఆవిడకేం పని?"

నత్త అతన్ని వదిలేసి నిచ్చెన దగ్గరికి వెళ్ళాడు. మెట్ల మీద వేలు పెట్టి చూశాడు. కింది నుంచి మూడో మెట్టు మీద దుమ్ము అంగుళం చెదరలేదు. నాలుగు, అయిదు, ఆరు అలాగే ఉన్నాయి. ఎవరైనా ఎక్కి నెలలయి ఉంటుంది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని నేల చూశాడు. ర్యాకు మూల కింద రక్తం మరక, అరచెయ్యంత. మరక అంచు మీదుగా రెండు సన్నటి గీతలు, మూల నుంచి నిచ్చెన కాళ్ళ దాకా.

"ఇలా రండి."

"నాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయండీ."

"పొద్దున తిరగలేదే? ఈ నిచ్చెన్ని మూల నుంచి ఇక్కడిదాకా లాగినప్పుడు దాని కాళ్ళు ఈ రక్తంలోంచే వచ్చాయి. అంటే ఆవిడ పడ్డాక నిచ్చెన వచ్చింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులని ఆసుపత్రిలో అందరికీ తెలుసు. మూడో మెట్టు మీద దుమ్ము కూడా కదల్లేదు. గాల్లో ఎగిరి పై అరకి వెళ్ళిందా, మహానుభావా?"

గుమస్తా మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నా అక్క పదకొండో బెడ్‌లో ఉంది," అన్నాడు నత్త. గొంతు తనదే అయినా తనకే కొత్తగా వినిపించింది. అతని కాలరు ఎప్పుడు పట్టుకున్నాడో తెలియదు. "నాలుగింటికి దానికి మాత్ర వేస్తారు. అది మందో విషమో ఆ రిజిస్టర్‌లో ఉంది. నీ కేసు నాకొద్దు, నీ జైలు నాకొద్దు. రిజిస్టర్ ఎక్కడ?"

"నేను నెట్టలేదు బాబూ!" గుమస్తా భోరుమన్నాడు. "మాత్రల కంపెనీ తరఫున ఒకాయన వచ్చాడు, మాజీ ఇన్‌స్పెక్టరట. ఆ రిజిస్టర్ బయటికెళ్తే గుండె క్లినిక్ మూసేస్తారు, ముందు ఊడేది నీ ఉద్యోగమే అన్నాడు. తెచ్చిస్తే కాపీ తీసుకుని ఇచ్చేస్తా అన్నాడు. పొద్దున ఏడుంబావుకే వచ్చి కాచుకున్నా. చనిపోయినవాళ్ళ ఫైళ్ళతో సరిచూసుకోడానికి ఆవిడ రోజూ వస్తుంది. ఏడున్నరకి వచ్చింది. ఇమ్మన్నా. ఇవ్వనంది. నేను లాగాను, ఆవిడా లాగింది. నా చెయ్యి జారింది. ఆవిడ వెనక్కి పడి, తల ఆ మూలకి..." చేత్తో మొహం కప్పుకున్నాడు. "పన్నెండేళ్ళుగా ఒకే చోట టీ తాగుతున్నాం బాబూ. ఆవిడ బతుకుతుందా?"

"ముందు రిజిస్టర్ తియ్యి."

ఎక్స్‌రే కవర్ల అట్టపెట్టెలో, అడుగున ఉంది. ఆకుపచ్చ బట్ట బైండు, పొడవాటి పుస్తకం. కంపెనీ మనిషి మూడింటికి వస్తానన్నాడట. రెండూ ఇరవై అయింది. నత్త నిలబడే పేజీలు తిప్పాడు.

ఒక్కో మనిషికి ఒక్కో వరస. వయసు, బరువు, కాళ్ళ వాపు, రాత్రిళ్ళు ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటారు, గులాబి మాత్రా తెల్ల మాత్రా, ఎప్పుడు పోయారు, ఎలా పోయారు. దిండ్ల గడి చూసి అతను ఆగాడు. గుండె నీరసించే కొద్దీ మనిషి చదునుగా పడుకోలేడు. ఒకటి, రెండు, మూడు దిండ్లు పేర్చుకుంటూ పోతాడు. అక్క వరసలో మూడు అని ఉంది.

చివరి అయిదు నెలల్లో ఒక గడి కొత్తగా గీశారు. పైన మాట ఏదీ లేదు. చిన్న నీలం కాగితం ముక్క అంటించి ఉంది. కింద కొందరికి టిక్కులు, కొందరికి ఖాళీ.

"అబ్బో! పాక్కుంటూ పాక్కుంటూ నత్త నాకంటే ముందే వచ్చిందే!"

తలుపు దగ్గర గద్ద నిలబడి ఉన్నాడు. స్టేషన్లో ఇద్దరూ ఒకే బల్ల పంచుకున్నారు. ఎవడు పట్టిన దొంగనైనా చివర్లో తన్నుకుపోయి మెడల్ తీసుకునేవాడని అతనికి ఆ పేరు. ఇప్పుడు కంపెనీలకి పని చేస్తున్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో తళతళలాడే చిన్న పుస్తకం.

"ఆ రిజిస్టర్ ఇలా ఇవ్వు."

"ఒక మనిషి పైన చావుబతుకుల్లో ఉంది, నీ మాట వల్ల."

గద్ద ఒక్క క్షణం గుమస్తా వైపు చూశాడు. "నేను కాపీ అడిగాను. తలలు పగలగొట్టమనలేదు." మళ్ళీ తేరుకున్నాడు. "అయినా దాంట్లో ఏముందని? ఒక నర్సు, ఒక బరువు తూచే మెషిను, ఒక పెన్ను. ఇదిగో చూడు, పరీక్షంటే ఇదీ." చిన్న పుస్తకం బల్ల మీద పడేశాడు. "నాలుగు వేల మంది. చీటీ తీసి సగం మందికి గులాబి, సగం మందికి తెల్లది. ఎవరికేది వెళ్ళిందో డాక్టరుకీ తెలియదు, పేషెంటుకీ తెలియదు. గులాబిదే గెలిచింది. వారం వారం రక్తం తీసి చూశారు."

"ఇక్కడ వారం వారం ఎవరు తీస్తారు? నెలకోసారి బస్సెక్కి వచ్చేవాళ్ళు వీళ్ళు."

"అది ఆసుపత్రి తలనొప్పి. నీ నర్సు చేసిన తప్పేంటో చెప్పనా? జబ్బు ముదిరినవాడికే డాక్టరు కొత్త మందు రాస్తాడు. ముదిరినవాడే ముందు పోతాడు. గొడుగు పట్టుకున్నవాళ్ళే తడుస్తున్నారు కాబట్టి గొడుగే వాన తెచ్చిందంటావా?"

వాడు చెప్పింది నిజమే అనిపించింది నత్తకి. అక్కకి తెల్ల మాత్ర పని చెయ్యకే గులాబిది ఇచ్చారా? అదే అయితే ఈ పుస్తకమంతా చిత్తుకాగితం. పెద్ద నర్సు పొరబడింది, తను గంట వృథా చేశాడు, పైన అక్క ఆయాసపడుతోంది. రెండూ నలభై అయిదు.

"గుమస్తా గారూ," అన్నాడు. ఎందుకు అడుగుతున్నాడో అతనికే సరిగ్గా తెలియదు. "గులాబి మాత్ర ఎవరికి రాస్తారు? జబ్బు ఎక్కువున్నవాళ్ళకా?"

గుమస్తా ముక్కు తుడుచుకున్నాడు. "జబ్బుతో పనేముందండీ? ఎడమ గది డాక్టరు గారు అందరికీ గులాబిదే రాస్తారు. కుడి గది డాక్టరు గారు చచ్చినా తెల్లది వదలరు. ఇద్దరికీ మాటల్లేవు మూడేళ్ళుగా."

"ఏ గదికి వెళ్ళాలో ఎవరు చెబుతారు?"

"టోకెనండీ. మొదటిరోజు బేసి నంబరొస్తే ఎడమ గది, సరి నంబరొస్తే కుడి గది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా అదే గది. మార్చమని ఏడ్చినా మార్చరు. ఇద్దరు డాక్టర్లూ కొట్టుకుంటున్నారని పెద్ద నర్సే పెట్టింది ఆ పద్ధతి."

నత్త రిజిస్టర్‌ని గద్ద వైపు తిప్పాడు.

"విన్నావా?" అన్నాడు నత్త. "నీ కంపెనీ చీటీ తీసింది. ఇక్కడ టోకెన్ మెషిను తీసింది. జబ్బెంతో ఆ మెషినుకి తెలియదు."

"మాటలు చెప్పకు. రుజువు కావాలి."

"దిండ్లు చూద్దాం."

మొదటిరోజు గడులు లెక్కపెట్టారు. గులాబి గది 212 మంది, తెల్ల గది 207. వయసులు దాదాపు ఒకటే. మూడు దిండ్లవాళ్ళు అక్కడ 58, ఇక్కడ 56. కాళ్ళ వాపులోనూ తేడా లేదు. రెండు గదుల్లోకీ ఒకలాంటి జనమే వెళ్ళారు. గద్ద గెడ్డం గోక్కున్నాడు.

"సరే, చావులు లెక్కపెట్టు," అన్నాడు. "నేను చదువుతా, నువ్వు గీతలు గియ్యి. చూద్దాం, తాడో పేడో."

మూడూ పది. గద్ద పేజీలు తిప్పుతూ గులాబి, తెల్ల, తెల్ల, గులాబి అని చదువుతున్నాడు. గుమస్తా వరస తప్పకుండా స్కేలు పట్టుకున్నాడు. నత్త చెమట కాగితం మీద పడుతోంది. మూడూ ఇరవై అయిదుకి కూడిక తేలింది.

"తెల్లది యాభై. గులాబి ముప్పై ఆరు." గద్ద పకపకా నవ్వాడు. "నీ నర్సే మా మాత్రకి సర్టిఫికెట్టిచ్చింది కదయ్యా! వెళ్ళు, మీ అక్కకి రెండు మాత్రలూ వేయించు."

నత్త నిజంగానే లేచాడు. రెండడుగులు వేశాడు కూడా. పెద్ద నర్సు ఫోన్లో చెప్పిన మాటే మళ్ళీ వెనక్కి లాగింది. సంగతి తేలిపోయింది, ఏమీ వెయ్యకండి. ఇంత మంచి మాత్రని ఆరేళ్ళ అనుభవమున్న మనిషి ఎందుకు ఆపమంటుంది?

"తేదీలు చదువు," అన్నాడు.

"ఇంకా ఏంటయ్యా?"

"అయిదు నెలల ముందు, తర్వాత. విడివిడిగా."

గొణుక్కుంటూనే చదివాడు గద్ద. కాసేపటికి గొణుగుడు ఆగింది. అయిదు నెలల ముందు దాకా తెల్ల గదిలో నలభై నాలుగు, గులాబి గదిలో పంతొమ్మిది. తర్వాతి అయిదు నెలల్లో తెల్ల గదిలో ఆరు. గులాబి గదిలో పదిహేడు. ఆ పదిహేడు మంది ఎదురుగా ఎలా పోయారన్న గడిలో ఒకటే మాట. హఠాత్తుగా, ఇంట్లో. భోజనం చేసి, చేతులు కడుక్కుని, కుర్చీలో.

"ఈ టిక్కులు చూడు," అన్నాడు నత్త. "పదిహేడులో పదహారు మందికి నీలం గడిలో టిక్కుంది."

"తెల్ల గదిలో టిక్కులున్నవాళ్ళు?" అన్నాడు గద్ద. పోలీసు బుర్ర ఎక్కడికి పోతుంది?

గుమస్తా స్కేలు జరిపాడు. "తొమ్మిది మందండీ. అందరూ ఉన్నారు."

"టిక్కు లేని గులాబివాళ్ళు?"

"అయిదు నెలల్లో పోయింది ఒక్కరేనండీ."

మాత్ర ఒక్కటే ఉంటే ఏమీ కాలేదు. ఆ నీలందేదో ఒక్కటే ఉన్నా ఏమీ కాలేదు. రెండూ కలిసిన ఇళ్ళలో మనుషులు భోజనం చేసి కుర్చీల్లో పోయారు. అయిదు నెలల క్రితం ఏమొచ్చింది? నత్త బల్ల మీది తళతళలాడే పుస్తకం లాక్కున్నాడు. గెలిచిన లెక్కలన్నీ దాటేసి, అక్షరాలు చీమల్లా ఉన్న పేజీ దగ్గర ఆగాడు. పరీక్షలోకి ఎవరెవర్ని తీసుకోలేదో అక్కడ జాబితా ఉంది. డెబ్బై అయిదు దాటినవాళ్ళు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళు. తొమ్మిదో వరస చదివాడు. మామూలు ఉప్పుకి బదులు పొటాషియం కలిసిన ఉప్పు వాడేవాళ్ళు.

నీలం కాగితం ముక్క.

అతని చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్ళింది. సీసా తీసి బల్ల మీద పెట్టాడు. లేబుల్ రంగు, రిజిస్టర్‌లో అంటించిన ముక్క రంగు ఒక్కటే. గుండె బొమ్మ కింద, భూతద్దం పెట్టి చూడాల్సిన అక్షరాల్లో పొటాషియం అన్న మాట ఉంది.

"ఇది మందుల షాపులో ఇచ్చారు," అన్నాడు. "మాత్రల అట్ట కొంటే ఉచితం. మిగతావాళ్ళకి విడిగా అమ్ముతారు."

గద్ద సీసా తిప్పి అడుగున చూశాడు. కంపెనీ గుర్తు. వాడి మొహం పాలిపోయింది. "అమ్మకాల వాళ్ళు... ఉప్పు తగ్గించాలి కదా అని, మంచి చేద్దామనే... నాకు తెలియదు, ఒట్టు."

"నీకు తెలియకపోవచ్చు. ఈ తొమ్మిదో వరస అచ్చు వేసినవాళ్ళకి తెలుసు." నత్త ఆ పుస్తకం జేబులో పెట్టుకున్నాడు. గద్ద ఆపలేదు. "వాళ్ళ నాలుగు వేల మందిలో ఇలాంటి సీసా వాడినవాడు ఒక్కడూ లేడు. వాడేవాళ్ళని బయటే నిలబెట్టారు కాబట్టి. బయట నిలబడ్డవాళ్ళనే పెద్ద నర్సు రాసుకుంది."

గుమస్తా వేలు చివరి పేజీ మీద ఆగింది. పెన్సిలుతో పేర్లు, ఫోను నంబర్లు. గులాబి మాత్రా, నీలం టిక్కూ రెండూ ఉండి, ఇంకా బతికున్నవాళ్ళు. నలభై ఒక్కరు. మొదటి పేరు పక్కన 'పదకొండో బెడ్' అని ఉంది.

"ఈ పేజీ ఫోటో తీసుకుని మిగతావాళ్ళందరికీ ఫోన్ చెయ్యండి," అన్నాడు నత్త గుమస్తాతో. "రాత్రి భోజనాల్లోపు. ఆ ఉప్పు పారబొయ్యమనండి, పొద్దున్నే రక్తపరీక్షకి రమ్మనండి. మీరు చేసిందానికి పోలీసులొస్తారు, తప్పదు. ఈ లోపు ఇది చెయ్యండి."

"చేస్తా బాబూ, చేస్తా."

గద్ద కూడా ఫోను తీశాడు. ఎవరికి చేస్తాడో చూసే తీరిక నత్తకి లేదు. మూడూ నలభై ఏడు.

లిఫ్టు రాలేదు. మూడంతస్తులు మెట్ల మీద పరిగెత్తాడు. ఒంటిగంటా ఇరవైకి తన చేత్తో ఎంత చల్లాడు? చెంచాడా? రెండు చెంచాలా? అక్క ప్లేటు నెట్టేస్తే ఇది చల్లి మరీ తినిపించాడే! ఆసుపత్రిలో ఈ నాలుగు రోజులూ పూటపూటా తనే కదా. అంతకుముందు రెండు నెలలుగా ఇంటికెళ్ళినప్పుడల్లా వేశావా అక్కా, మర్చిపోకు అక్కా అని గుర్తు చేసింది తనే కదా. మోకాలు మెట్టుకి కొట్టుకుంది. ఆగలేదు.

డాక్టరమ్మ చిన్న కప్పులో రెండు గులాబి మాత్రలు పట్టుకుని పదకొండో బెడ్ పక్కనే నిలబడి ఉంది. కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయి.

"ఆపండి!" రిజిస్టర్, పుస్తకం, సీసా మూడూ మంచం మీద పడేశాడు. ఊపిరందక ముక్కలు ముక్కలుగా చెప్పాడు. "మాత్ర మంచిదే. దీంతో కలిస్తే... పదహారు మంది... పొటాషియం... మధ్యాహ్నం కూడా పెట్టాను."

డాక్టరమ్మ సీసా ఒక్కసారి చూసింది. "అయ్యో, ఆ మాత్ర ఒంట్లో పొటాషియాన్ని బయటికి పోనివ్వదు, పైగా ఇది కూడా అయితే గుండె ఆగిపోదూ! పెద్ద నర్సు తప్ప ఇన్నాళ్ళూ ఇది ఎవరూ అడగలేదా? నేనూ అడగలేదు," అంది. మాత్రల కప్పు ట్రేలో పడేసి ఈసీజీ మెషిను లాగింది. కాగితం బయటికొస్తుంటే నత్త కూడా చూశాడు. పొద్దుటి గీతల్లో చిన్న చిన్న గుట్టలుండేవి. ఇప్పుడు ఒక్కొక్కటీ గుడారంలా నిలువుగా లేచి ఉంది.

"క్యాల్షియం ఇంజెక్షన్! తొందరగా!" అని అరిచింది డాక్టరమ్మ. వార్డు నర్సు పరిగెత్తింది. గ్లూకోజు సీసా కట్టారు. సూదిమందు అక్క చేతిలోకి మెల్లిగా, మరీ మెల్లిగా దిగుతోంది. నత్త మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు. దేవుడా, ఇది నా చేత్తో జరగనివ్వకు అని లోపల ఒకటే పాట.

అక్క కళ్ళు తెరిచింది. "ఏరా, ఆయాసపడుతున్నావేం? ఆ రిజిస్టర్ దొంగ దొరికాడా?"

"దొరికాడక్కా."

"మరి నాకు విషం పెట్టిందెవరో తెలిసిందా? ఈ నర్సు పిల్లలు ఏదో గుసగుసలాడుకుంటుంటే విన్నానులే."

అతను నీలం మూత సీసా చూపించాడు. "నేనే అక్కా. ఈ ఉప్పే."

అక్క చాలాసేపు సీసా వైపు చూసింది. సూది లేని చేత్తో అతని వేళ్ళు వెతికి పట్టుకుంది. "పిచ్చి సన్నాసీ," అంది. "ఏడవకు. నా నోటికి రుచిగా ఉందిరా, అందుకే తిన్నా."

మెషిను మళ్ళీ కాగితం కక్కింది. డాక్టరమ్మ వెలుతురుకి పట్టి చూసింది. "గుడారాలు కాస్త దిగాయి. ఇంకో అరగంట గడవాలి. అప్పటిదాకా ఏమీ చెప్పలేను. ఈ సీసాలు ఇంకెన్ని ఉన్నాయి మీ దగ్గర?"

"ఇంకోటి. అల్మారాలో." నత్త వంగి అల్మారా తలుపు తీశాడు. తువ్వాలు, దువ్వెన, కళ్ళజోడు పెట్టె. సీసా లేదు.

"అది..." అక్క వేళ్ళు అతని చేతిలో బిగుసుకున్నాయి. "అది ఇచ్చేశానురా. ఇంటికెళ్ళి కూడా చప్పిడి తినాలా అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నా మనసు ఆగలేదు."

నత్త పక్కకి తిరిగాడు. పన్నెండో బెడ్ మీద దుప్పటి తీసేసి ఉంది. పరుపు సగానికి మడిచారు.

"రెండున్నరకే వాళ్ళబ్బాయి వచ్చి తీసుకెళ్ళాడు," అంది వార్డు నర్సు. "గులాబి మాత్రలు నెలకి సరిపడా ఇచ్చాం."

రిజిస్టర్ చివరి పేజీలో ఆవిడ పేరు లేదు. నాలుగు రోజుల క్రితమే మొదటిసారి ఆసుపత్రి మెట్లెక్కిన మనిషి. ఆవిడ గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు. డాక్టరమ్మ కేసు కాగితం లాగింది. చిరునామా గడిలో 'కొడుకు ఇల్లు' అని మాత్రం ఉంది. కింద ఒక ఫోను నంబరు.

"చెయ్యండి, చెయ్యండి!" అన్నాడు నత్త.

డాక్టరమ్మ అంకెలు నొక్కి, చెవికి పెట్టుకుంది. మోగుతోంది అన్నట్టు తల ఊపింది.

కిటికీ దగ్గర, పెద్దావిడ ఛార్జింగుకి పెట్టి మర్చిపోయిన ఫోను మోగడం మొదలుపెట్టింది.